ఫిజిక్స్ పీహెచ్‌డీకి ముందు ఏం చదువుదాం?

అందరికీ నమస్తే. మొన్న రావులపాలెం బస్టాండులో మాట్లాడుకున్నది మిగతావాళ్ళ కోసం పెడుతున్నాను. కాలవలకి నీళ్ళు ఆపేశారు. జూన్‌లో మళ్ళీ నీళ్ళొదిలేదాకా చేతిలో ఉన్నది రెండు నెలలే. క్వాంటం ఫీల్డ్ థియరీ (మూల కణాల సిద్ధాంతం), జనరల్ రిలేటివిటీ (గురుత్వాకర్షణ సిద్ధాంతం) రెండూ పట్టేద్దామంటే ఏదీ దక్కదు.

నా ఓటు స్టాటిస్టికల్ మెకానిక్స్‌కి, అంటే కోట్ల అణువులు కలిస్తే ఎలా ఉంటుందో తేల్చే లెక్కకి. ఐజింగ్ మోడల్‌ని (పక్కపక్క బుల్లి అయస్కాంతాలు ఒకదాన్నొకటి ప్రభావితం చేసే నమూనా) ఒక డైమెన్షన్‌లో మీరే కాగితం మీద చేసి చూడండి. సున్నా కెల్విన్‌కి పైన ఎక్కడా ఫేజ్ ట్రాన్సిషన్ (నీళ్ళు మంచైనట్టు స్థితి మారిపోవడం) రాదు. రెండు డైమెన్షన్లలో వస్తుంది, 1944లో ఆన్సాగర్ అనే శాస్త్రవేత్త ఆ లెక్క తేల్చాడు. ఈ తేడా ఎందుకో తెలిశాక రీనార్మలైజేషన్‌కి (చూసే కొలత మారితే సిద్ధాంతం ఎలా మారుతుందో చెప్పే పద్ధతి) వెళ్తే, రేపు ఫీల్డ్ థియరీలో అదే ఎదురైనప్పుడు భయముండదు. కండెన్స్‌డ్ మ్యాటర్‌కి (ఘన, ద్రవ పదార్థాల ఫిజిక్స్) వెళ్ళేవాళ్ళకైతే స్టాటిస్టికల్ మెకానిక్స్ రోజూ తినే అన్నమే.

రిలేటివిటీ మోజున్నవాళ్ళు ముందు మాక్స్‌వెల్ సమీకరణాలని (విద్యుత్తు, అయస్కాంతత్వాల సూత్రాలు) టెన్సర్లలో, అంటే ఇండెక్సులు తగిలించిన రాశుల్లో రాయండి. నేను అది వదిలేసి నేరుగా బ్లాక్ హోల్స్‌లోకి దూకి, ఇండెక్సుల దగ్గరే మునిగాను.

లగ్రాంజియన్ (చలన సమీకరణాలు రాబట్టే ఫంక్షన్), నోథర్ సిద్ధాంతం (సౌష్ఠవానికీ నిత్యత్వ నియమాలకీ ఉన్న లంకె) సరిగ్గా రానివాళ్ళు మొహమాటపడకుండా చెప్పండి. ఆదివారం పొద్దున్న మా అరుగు మీద కూర్చుందాం. నోట్సు మీవి, కొబ్బరిబొండాలు మావి. రాజోలు వైపు నుంచి వచ్చేవాళ్ళెంతమందో రాత్రికల్లా చెప్పండి.