దిద్దిన ప్రెస్‌నోటు విద్యార్థి చేతికి చేరాలి: సమాచార, పౌర సంబంధాల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర సమాచార, పౌర సంబంధాల శాఖ మంత్రిగారికి

నమస్కారం.

జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ చదివే పిల్లలు ఇంటర్న్‌షిప్ కోసం జిల్లా పౌర సంబంధాల అధికారి కార్యాలయానికి వస్తుంటారు. అక్కడ వాళ్లకు దొరికే పని చాలావరకు ఇదే: పొద్దున పత్రికల్లో ప్రతికూల వార్తలు కత్తిరించి అంటించడం, సమీక్షా సమావేశాల్లో ఫొటోలు తీయడం, తయారైన ప్రెస్‌నోటును వాట్సాప్ గ్రూపుల్లో వేయడం. నెల తిరిగేసరికి సర్టిఫికెట్ వస్తుంది. సొంతంగా ఒక ప్రెస్‌నోటు రాసి, అనుభవమున్న అధికారి పక్కన కూర్చుని దాన్ని దిద్దించుకున్న విద్యార్థి మాత్రం అరుదు. అధికారులకు మనసు లేక కాదు. పొద్దున కలెక్టరేట్‌లో సమావేశం, మధ్యాహ్నం మంత్రుల పర్యటన, సాయంత్రం ఖండనలు, వివరణలు. ఈ మధ్యలో ఒక కుర్రవాడి రాతప్రతి చూడటం ఎవరి విధుల జాబితాలోనూ లేదు. లేని పనికి సమయం ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే మా కోరిక ఒక్కటే. విద్యార్థికి మార్గదర్శిగా ఉండటాన్ని పౌర సంబంధాల అధికారి విధుల్లో భాగంగా లెక్కించండి. దానికి గంటలు కేటాయించండి. ఆ గంటల్లో జరగాల్సిన ముఖ్యమైన పని దిద్దుబాటు.

దిద్దుబాటు అంటే అక్షర దోషాలు సరిచేయడం అనుకునేవాళ్లు ఉన్నారు. అది చివరి పని. భద్రాచలం గోదావరినే తీసుకోండి. అక్కడ నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో అది 71 అడుగులు దాటింది. ఇలాంటి రోజు వెలువడే ప్రెస్‌నోటు మామూలుగా ఎలా మొదలవుతుంది? గౌరవ మంత్రివర్యుల ఆదేశాల మేరకు, జిల్లా కలెక్టర్ అధ్యక్షతన, ఫలానా అధికారుల సమక్షంలో సమీక్ష జరిగిందని. ముంపు గ్రామాలవాళ్లు ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలో ఐదో పేరాలో ఉంటుంది. కంట్రోల్ రూం నంబరు అసలు ఉండకపోవచ్చు.

ఈ నోటును మార్గదర్శి తిరగరాసి ఇవ్వకూడదు. తిరగరాస్తే నేర్చుకునేది ఆయనే. పక్కన నాలుగు ప్రశ్నలు రాసి వెనక్కివ్వాలి. నీటిమట్టం ఎంత, ఏ గంటకు కొలిచారు? ఎవరు, ఎప్పటిలోగా, ఏం చేయాలి? పునరావాస కేంద్రం ఎక్కడ, అక్కడికి బస్సు ఉందా, పశువుల సంగతేంటి? ఫోన్ చేయాల్సిన నంబరేది? జవాబులన్నీ మొదటి మూడు వాక్యాల్లోకి రావాలి. ఆదేశించినవారి పేరు, సమీక్షలో పాల్గొన్నవారి పేర్లు చివరి పేరాకు వెళ్లాలి. విద్యార్థి మళ్లీ రాస్తాడు, మళ్లీ చూస్తారు. మూడో ప్రతి సాధారణంగా ఒక ఏ4 కాగితంలో, 150 నుంచి 200 మాటల్లో కుదురుతుంది.

వీటిలో మొదటి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. అంకె పక్కన గంట, తేదీ లేని నోటు మర్నాడు కూడా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. నది తగ్గుతున్నప్పుడు అనవసరంగా భయపెడుతుంది. పెరుగుతున్నప్పుడు నిన్నటి చిన్న అంకె చూపించి జనాన్ని ఇంట్లోనే కూర్చోబెడుతుంది. ఇంకో తప్పు, వాన విషయంలో విశేషణాలు ఇష్టం వచ్చినట్టు వాడటం. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు కురిస్తే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ, అది దాటితే అత్యంత భారీ. ఆ శాఖ 'భారీ' అన్నప్పుడు మన నోటు 'అత్యంత భారీ' అంటే, నిజంగా అత్యంత భారీ వాన వచ్చే రోజున చెప్పడానికి మాట మిగలదు.

మర్నాడు పొద్దున అసలు పాఠం మొదలవుతుంది. నాలుగు పత్రికల జిల్లా పేజీలు తెరిచి, మన నోటును పక్కన పెట్టుకుని చూడాలి. పత్రికలో వార్తలు దిద్దే సబ్‌ఎడిటర్ ఏ వాక్యం ఉంచారు, ఏ పేరా కోసేశారు, శీర్షిక మన రెండో వాక్యంలోంచి తీసుకున్నారా లేక ఆరో వాక్యంలోంచా? పత్రిక డెస్కులో కోతపడిన పేరాలను విద్యార్థి నెలరోజులు తన నోటుబుక్కులో రాసుకుంటే, ఎవరూ చెప్పకుండానే అలాంటి పేరాలు రాయడం మానేస్తాడు. పత్రికల కత్తిరింపులు శాఖలో ఇప్పటికే ఉన్న పని కాబట్టి దీనికి అదనంగా రూపాయి కూడా ఖర్చు కాదు. అదే కత్తెరను పాఠానికి వాడుకోమంటున్నాం.

ఖండనలు రాయడం కూడా ఇలాగే నేర్పాలి. ఒక వదంతి వచ్చింది, టీకా వేయించుకున్న పిల్లలు జబ్బు పడ్డారని అనుకుందాం. 'టీకాతో పిల్లలకు జబ్బు అన్నది అవాస్తవం' అని శీర్షిక పెడితే వదంతిని మనమే ఇంకోసారి ప్రచారం చేసినట్టు. నిజాన్ని ముందు చెప్పాలి: ఎంతమంది పిల్లలకు టీకా వేశారు, ఎవరు పరీక్షించారు, పిల్లలు ఇప్పుడెలా ఉన్నారు, అనుమానం ఉన్నవాళ్లు ఎవర్ని కలవాలి. వదంతిని ఒక్కసారి, మధ్యలో, దాని మాటల్లో కాకుండా మన మాటల్లో ప్రస్తావించాలి. వాస్తవాలు ఇంకా తెలియకపోతే తెలిసినంతవరకు చెప్పి, మళ్లీ ఎన్ని గంటలకు చెబుతామో రాసి, ఆ గంటకు తప్పకుండా చెప్పాలి. పత్రిక రాసింది నిజమే అయినప్పుడు ఖండన పంపకూడదన్నది కూడా పాఠమే. అప్పుడు పంపాల్సింది ఏ చర్య తీసుకున్నారో చెప్పే వివరణ. ఈ తేడా పెద్దలకూ కష్టమే, కుర్రవాళ్లకు మొదట్లోనే అలవాటు చేయాలి.

కొన్ని సాంకేతిక విషయాలు చిన్నవే అయినా రోజూ నష్టం చేస్తున్నాయి. అనూ ఫాంట్లలో టైపు చేసిన నోటు వేరే కంప్యూటర్‌లో చెత్త అక్షరాలుగా తెరుచుకుంటుంది. దాన్ని ప్రింటు తీసి స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడితే వెబ్‌సైట్‌లో వెతికినా దొరకదు, చూపులేనివారి స్క్రీన్ రీడర్ చదవలేదు. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ అడగకముందే సమాచారం ఇవ్వమంటుంది, స్థానిక భాషలో, అందుబాటులో ఉండే రూపంలో. కాబట్టి ప్రతి నోటూ యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా సరిగ్గా తెరుచుకునే అక్షరాల్లో ఉండాలి. ఫొటోల సంగతి ఇంకొకటి. ఆరు అంగుళాల వెడల్పున, అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చు వేయాలంటే 1800 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే పొడవు వైపు సుమారు 1600కు కుదించుకుపోతుంది, డెస్కులో ఇంకొంత కోస్తే ముఖాలు మసకబారతాయి. డాక్యుమెంట్‌గా పంపితే సరిపోతుంది. ఫొటో కింద పేర్లు ఎడమ నుంచి కుడికి రాయాలన్నది పాత నియమమే, ఇప్పుడు ఎవరూ పాటించడం లేదు.

ఇక ఏర్పాటు ఎలా ఉండాలో చెబుతాం. 33 జిల్లాలు, ఒక్కో జిల్లాకు ఇద్దరు విద్యార్థులు, ఏటా రెండు విడతలు: మొత్తం 132 మంది. ఇద్దరు ఎందుకంటే ఒకరి రాత ఒకరు చదివి చూసుకుంటారు. ఐదారుగురైతే అధికారి చేతిలో ఉన్న సమయం చాలదు, మళ్లీ కత్తిరింపుల దగ్గరే ఆగిపోతుంది. వారానికి 30 గంటల చొప్పున నాలుగు వారాలు, 120 గంటలు. చదువు గంటలను క్రెడిట్లుగా లెక్కించే జాతీయ విధానం, నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్, 30 గంటలకు ఒక క్రెడిట్ లెక్క కడుతుంది కాబట్టి ఇవి నాలుగు క్రెడిట్లు. ఉన్నత విద్యా మండలితో మాట్లాడి వీటిని మార్కుల జాబితాలో చేర్పించాలి. క్రెడిట్ లేని ఇంటర్న్‌షిప్‌కు పరీక్షలు దగ్గరపడగానే పిల్లలు రావడం మానేస్తారు, అది సహజం.

జర్నలిజం విభాగాలు ఎక్కువగా హైదరాబాద్, వరంగల్ వంటి చోట్ల ఉన్నాయి. విద్యార్థిని సొంత జిల్లాకే పంపండి. అద్దె భారం ఉండదు, ఊరి మాట తెలుస్తుంది. మొదటి విడత మే-జూన్‌లో పెడితే యాసంగి వడ్ల కొనుగోళ్లు, వడదెబ్బ హెచ్చరికలు, వరద సన్నాహాలు చేతికి వస్తాయి. రెండోది నవంబరు-డిసెంబరులో, వానాకాలం వడ్ల సమయంలో. నెలకు 8,000 రూపాయల భృతి ఇచ్చినా 132 మందికి ఏడాదికి 10 లక్షల 56 వేల రూపాయలు. ప్రభుత్వ ప్రకటనల బడ్జెట్ పక్కన ఇది పెద్ద అంకె కాదు.

మార్గదర్శికి వారానికి నాలుగు గంటలు, విడతకు 16, ఏడాదికి 32 గంటలు. ఈ గంటలు ఆయన టూర్ డైరీలో కనిపించాలి, వార్షిక పనితీరు నివేదికలో లెక్కకు రావాలి. అధికారి మధ్యలో బదిలీ అయితే విద్యార్థి అనాథ కాకుండా సహాయ పౌర సంబంధాల అధికారి పేరును రెండో మార్గదర్శిగా మొదటి రోజే రాసి పెట్టాలి. నాలుగు వారాల చివర సర్టిఫికెట్‌తో పాటు ఫైలు ఒకటి ఉండాలి: కనీసం ఎనిమిది ప్రెస్‌నోట్లు, ఒక్కోదానికి మొదటి ప్రతి, దిద్దిన ప్రతి, చివరి ప్రతి. ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆ పిల్లవాడు చూపించగలిగేది ఈ ఫైలే.

దిద్దేవాళ్లు కూడా నేర్చుకుంటూ ఉండాలి. భారత సమాచార సేవ అధికారులకు ఢిల్లీలోని మాస్ కమ్యూనికేషన్ శిక్షణ సంస్థ ఐఐఎంసీలో శిక్షణ ఉంటుంది. మన జిల్లా అధికారులకూ ఉద్యోగంలో చేరాక క్రమం తప్పని వృత్తి శిక్షణ కావాలి. ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ హైదరాబాద్ నగరంలోనే ఉంది. ఏటా ఐదు రోజులు చాలు, అయితే ఉపన్యాసాలు ఒక పూట మించకూడదు. మిగతా అంతా చేతిపని: నకిలీ వీడియో వచ్చిన గంటలో ఏం చేయాలి, కృత్రిమ మేధ రాసిచ్చిన అనువాదంలో అంకెలు, పేర్లు ఎలా సరిచూడాలి, విద్యార్థి రాతను నొప్పించకుండా ఎలా దిద్దాలి. ఏప్రిల్ 21న జాతీయ పౌర సంబంధాల దినోత్సవం జరుపుకుంటున్నాం. 1968లో ఆ రోజున ఢిల్లీలో మొదలైన మొదటి అఖిల భారత సదస్సు ఈ వృత్తికి నియమావళిని స్వీకరించింది. ఆ రోజు శాలువాలతో పాటు ఒక పూట దిద్దుబాటు కార్యశాల కూడా పెడితే సదస్సు ఉద్దేశానికి దగ్గరగా ఉంటుంది.

ఫలితాన్ని ఎలా కొలుస్తున్నామన్నది కూడా మారాలి. ఎన్ని కాలమ్ సెంటీమీటర్ల వార్త వచ్చింది, అదే ప్రకటనగా ఇస్తే ఎంతయ్యేది అని గుణించి చూపించడం శాఖలోనూ కంపెనీల్లోనూ అలవాటు. 2010లో బార్సిలోనాలో ఈ వృత్తివాళ్లే కూర్చుని, ప్రకటన రేటు పౌర సంబంధాల విలువ కాదని తేల్చారు. మన దగ్గరి ఉదాహరణ చూడండి. వడ్లలో తేమ 17 శాతం దాటకూడదని ఎన్ని పేపర్లలో వచ్చినా, కొనుగోలు కేంద్రానికి తడి వడ్లు వస్తే ఆ సమాచారం చేరనట్టే. విద్యార్థి కేంద్రానికి వెళ్లి ఇరవై మంది రైతులను అడగాలి: ఈ నిబంధన బయల్దేరే ముందే తెలుసా, ఎవరు చెప్పారు? పేపరా, డప్పు చాటింపా, ప్రభుత్వ కళాకారుల బృందం సాంస్కృతిక సారథి కళాజాతా, వాట్సాపా? ఆ జవాబులు రాసుకున్న ఒక్క కాగితం తర్వాతి వారం ఎక్కడ చెప్పాలో నిర్ణయిస్తుంది. భద్రాద్రి జిల్లా కోయ గూడేల్లో, ఆసిఫాబాద్ గోండు గూడేల్లో ఈ జవాబులు పట్నంవాళ్ల ఊహకు అందవు. అక్కడ రాత కంటే ఆకాశవాణి, వాళ్ల భాషలో మాట్లాడే మనిషి ముందుంటారు.

కొన్ని హద్దులు ఈ ఏర్పాటుకు మీరిచ్చే ఉత్తర్వులోనే ఉండాలి. విద్యార్థికి అధికారిక ఖాతాల పాస్‌వర్డ్ ఇవ్వకూడదు, తను రాస్తాడు, అధికారి పోస్టు చేస్తారు. లబ్ధిదారుల జాబితాలోని ఆధార్, ఫోన్, బ్యాంకు ఖాతా నంబర్లు ఏ గ్రూపులోనూ పడకూడదు. లైంగిక నేరాల బాధితుల గుర్తింపు బయటపెట్టకూడదని చెప్పే పోక్సో చట్టం 23వ సెక్షన్, భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ మొదటి రోజే చదివించాలి. బాధిత బాలిక పేరు రాయకపోయినా, పరిహారం చెక్కు అందుకుంటున్న తల్లిదండ్రుల ముఖాలు, ఊరి పేరు ఫొటోలో వస్తే గుర్తింపు బయటపడినట్టే. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం శిక్షణలో ఉన్నవారికీ వర్తిస్తుంది. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ పేరు, ఫోన్ నంబరు చేరిన రోజే విద్యార్థినుల చేతికి ఇవ్వాలి. రాత్రి పర్యటనలకు వాళ్లను పంపితే తిరిగి ఇంటికి చేర్చే బాధ్యత కార్యాలయానిదే.

మరో హద్దు మీకే చెప్పాలి, చెప్పక తప్పదు. పార్టీకి ప్రచారం చేయడం వేరు, ప్రభుత్వ సమాచారం ఇవ్వడం వేరు. ప్రభుత్వ ప్రకటనలు రాజకీయంగా తటస్థంగా ఉండాలని 2015 మే 13న సుప్రీంకోర్టు చెప్పింది. ఈ విద్యార్థుల చేత ఏ నాయకుడి పొగడ్తలూ రాయించరని, ప్రతిపక్షాన్ని తిట్టే పోస్టులు పెట్టించరని ఉత్తర్వులో ఒక వాక్యం ఉండాలని కోరుతున్నాం. ఆ వాక్యం లేకపోతే కాలేజీలు పిల్లల్ని పంపడానికి వెనకాడతాయి.

33 జిల్లాల్లో ఒకేసారి మొదలుపెట్టడం కష్టమనిపిస్తే ఐదు జిల్లాలతో ఒక విడత నడిపి చూడండి. భద్రాద్రి కొత్తగూడెం వాటిలో ఉండాలి, వరద కాలానికి ముందే. ఉత్తర్వు ముసాయిదా, దిద్దుబాటు పట్టిక నమూనా, నాలుగు వారాల పని క్రమం మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. సమాచార భవన్‌కు ఏ రోజు రమ్మన్నా తీసుకొస్తాం.

భవదీయులు,
పౌర సంబంధాల వృత్తిలో, జర్నలిజం బోధనలో పనిచేసిన కొందరం