పెద్దవాళ్ళకు కంప్యూటర్ నేర్పే చోటు మండలానికి ఒకటి కావాలి: విద్య, ఐటీ శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను కావలిలో కంప్యూటర్ నేర్పుతాను. జావా, పైథాన్, ఏఐ లాంటివి కాదు, అవి నేర్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మౌస్ పట్టుకోవడం, ఫైల్ సేవ్ చేసి మళ్ళీ వెతుక్కోవడం, తెలుగులో ఒక అర్జీ టైప్ చేయడం, ఎక్సెల్‌లో లెక్కలు వేయడం, ఇవే నా పాఠాలు. జలదంకి, కొండాపురం, వింజమూరు, ఉదయగిరి వైపు నుంచి కూడా బస్సెక్కి వస్తారు. విద్య, ఐటీ రెండు శాఖలూ మీ దగ్గరే ఉన్నాయి, పౌర గ్రంథాలయాలు కూడా పాఠశాల విద్యాశాఖ కిందకే వస్తాయి, అందుకే ఈ లేఖ కలెక్టరు గారికి కాకుండా నేరుగా మీకే రాస్తున్నాను. అడిగేది ఒక్కటే. చదువు ముగిసిపోయిన పెద్దవాళ్ళు సాయంత్రం పూట వచ్చి, ఫీజు కట్టకుండా, కంప్యూటర్ ముందు కూర్చుని చేత్తో పని నేర్చుకునే చోటు మండలానికి ఒకటి పెట్టించండి.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా, ఇంకా ఇదెందుకు అని మీ అధికారులు అనొచ్చు. ఫోన్‌తో చాలా పనులు సులువయ్యాయి, కాదనను. 2025 జనవరి 30న మీరు మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవలను మా ఊళ్ళ జనం నిజంగానే వాడుకుంటున్నారు. మొదలైన రోజే 161 సేవలు అందులో ఉన్నాయి, సర్టిఫికెట్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగే బాధ కొంత తప్పింది. కానీ ఆ సర్టిఫికెట్ ఫోన్లోకి వచ్చాక చేయాల్సిన పని ఉంటుంది చూడండి, అక్కడ ఆగిపోతున్నారు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలంటే ఫోటో 50 కేబీ దాటకూడదంటుంది, సంతకం ఇంకా తక్కువుండాలంటుంది, మార్కుల జాబితాలన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేయమంటుంది. డిగ్రీ పాసైన పిల్లలు ఈ పనికి నెట్ సెంటర్‌కి వెళ్ళి, అక్కడి అబ్బాయి ఎంత అడిగితే అంత ఇచ్చి వస్తున్నారు. రీల్స్ చేయడం, వీడియోలు ఎడిట్ చేయడం అన్నీ వచ్చిన పిల్లలే, కానీ ఫైల్ ఎక్కడ సేవ్ అయిందో అడిగితే చెప్పలేరు, ఫోల్డర్ అనేది వాళ్ళ ఫోన్లో కంటికి కనపడదు కాబట్టి.

నెట్ సెంటర్ల గురించి ఇంకో మాట. చాలా చోట్ల ఆ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఎవరెవరివో ఆధార్ కాపీలు, పాస్‌బుక్ ఫోటోలు వరసగా కనపడతాయి. పని అయ్యాక ఫైల్ డిలీట్ చేయాలని, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలని, మెయిల్ లాగౌట్ చేయాలని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. డౌన్‌లోడ్ చేసిన ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ మన పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దబడిలో (క్యాపిటల్స్‌లో), దాని పక్కన పుట్టిన సంవత్సరం. ఇంతే. ఈ ముక్క తెలియక తమ ఆధార్ తాము తెరుచుకోవడానికి డబ్బులిచ్చేవాళ్ళు రోజూ ఉంటారు.

ఉద్యోగాల సంగతికొస్తే, గ్రూప్-2కి రాత్రింబవళ్ళు చదివి రాతపరీక్ష గట్టెక్కిన పిల్లలకు చివర్లో కంప్యూటర్ ప్రావీణ్య పరీక్ష ఉంటుంది. 100 మార్కులకు ఓసీలకు 40, బీసీలకు 35, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 30 రావాలి. అడిగేవి పెద్ద విషయాలేం కాదు, ఒక డాక్యుమెంట్, ఒక పట్టిక, ఒక మెయిల్ లాంటివే. చరిత్ర, పాలిటీ, ఎకానమీ అన్నీ నోటికి వచ్చిన అమ్మాయికి ఈ పేరు వింటేనే టెన్షన్. ఆ అమ్మాయికి తెలివి లేక కాదు, కీబోర్డు మీద చేతులు పెట్టి కూర్చునే అవకాశం అప్పటిదాకా రాలేదు.

నేర్పడం అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెప్తాను. డ్వాక్రా సంఘాల లెక్కలు రాసే ఒక అక్క మా దగ్గరికి వస్తుంది. పుస్తకంలో ఆమె లెక్క చూస్తే కొట్టివేత ఉండదు, వడ్డీ నోటితో చెప్పేస్తుంది. ఒకరోజు సభ్యుల వివరాలు ఎక్సెల్‌లో కొడుతూ ఆగిపోయి, "ఏంది సార్ ఇది, నేను కొట్టింది ఒకటి, ఇది చూపించేది ఒకటి" అంది. ఒకరి పొలం సర్వే నంబరు 12/3 అని కొట్టి ఎంటర్ నొక్కింది, అది మార్చి నెల తేదీ అయి కూర్చుంది. ఇంకొకరి ఆధార్ నంబరు 12 అంకెలు కొడితే మధ్యలో ఒక ఇంగ్లీషు అక్షరం వచ్చి చుక్కలు, ప్లస్ గుర్తులతో ఏదో కనపడింది. ఒకామె బ్యాంకు ఖాతా నంబరు సున్నాతో మొదలవుతుంది, ఆ సున్నా మాయం. 16 అంకెల ఖాతా అయితే ఇంకా ఘోరం, చివరి అంకె సున్నాగా మారిపోతుంది, ఎందుకంటే ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది. ఆ సున్నా గమనించకపోతే ఆమె రుణం డబ్బు ఆమె ఖాతాకి చేరదు.

దీనికి మందు చాలా చిన్నది. నంబర్లు కొట్టక ముందే ఆ గడులన్నీ సెలెక్ట్ చేసి ఫార్మాట్‌ని టెక్స్ట్‌గా మార్చాలి, లేదా నంబరుకి ముందు ఒక సింగిల్ కోట్ పెట్టి కొట్టాలి. కూడికలు, తీసివేతలు చేసేది సంఖ్య, పేరులాగా రాసుకునేది సంఖ్య కాదు, ఆధార్ నంబర్లను మనం కూడం కదా అని చెప్తే ఆ అక్క ఒక్క క్షణం ఆలోచించి, "అంటే ఇది నంబరు కాదు, గుర్తు" అంది. ఆ ముక్క అర్థమయ్యాక మళ్ళీ ఆ తప్పు చేయలేదు, పక్కనున్న వాళ్ళకు కూడా తనే చెప్తోంది. ఇప్పుడు మీరే చెప్పండి, ఈ పాఠం ఏ సిలబస్‌లో ఉంది? ఎక్సెల్ పాఠం అంటే ఎక్కడో కంపెనీలో సేల్స్ రిపోర్టు, డాలర్లలో జీతాల పట్టిక ఇచ్చి నేర్పుతారు. మా వాళ్ళకు అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటకు రోజుకి ఎంత మేత వేశాం, కౌంట్ ఎంత వచ్చింది, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయి అనే లెక్క ఇవ్వాలి. టంగుటూరు, కొండపి వైపు అయితే పొగాకు బ్యారన్‌కి కట్టెల ఖర్చు ఎంత, కూలి ఎంత, వేలంలో కిలోకి ఎంత పలికింది అనే లెక్క ఇవ్వాలి. లెక్క తమదైతే ఫార్ములా తప్పు వచ్చినా వాళ్ళే పట్టుకుంటారు, జవాబు ఎంత రావాలో వాళ్ళకు ముందే తెలుసు కాబట్టి.

తెలుగు టైపింగ్ సంగతి కూడా మీరు పట్టించుకోవాలి. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన అర్జీని మెయిల్లో పంపితే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అదంతా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనపడుతుంది. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనపడే యూనికోడ్ పద్ధతిలో కొడితే ఆ గొడవ లేదు. విండోస్‌లోనే తెలుగు కీబోర్డు ఉంది, సెట్టింగ్స్‌లో తెలుగు, అందులో ఫొనెటిక్ కీబోర్డు చేర్చుకుంటే విండోస్ బటన్, స్పేస్ బార్ కలిపి నొక్కి ఇంగ్లీషు నుంచి తెలుగుకి మారొచ్చు, అమ్మ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులో పడుతుంది. పైసా ఖర్చు లేదు. ఇది చూపించిన రోజు మా క్లాసులో ప్రతి ఒక్కరూ ముందు వాళ్ళ పేరు, తర్వాత ఊరి పేరు కొట్టుకుంటారు, ఆ రోజు క్లాసు టైముకి ముగియదు.

కేంద్ర ప్రభుత్వం ఈ దారిలో ఒక ప్రయత్నం చేసింది. 2017లో పీఎంజీదిశ అని పల్లెల్లో 6 కోట్ల ఇళ్ళకు ఇంటికొకరి చొప్పున డిజిటల్ అక్షరాస్యత నేర్పే పథకం పెట్టారు, 14 నుంచి 60 ఏళ్ళ వాళ్ళకు, మొత్తం 20 గంటల శిక్షణ. లక్ష్యాన్ని మించి 6.39 కోట్ల మందికి నేర్పామని లెక్క చెప్పి 2024 మార్చి 31తో ముగించారు. ఆలోచన మంచిదే. కానీ 20 గంటల్లో కంప్యూటర్, ఫోన్, ఇంటర్నెట్, డబ్బు చెల్లింపులు అన్నీ చెప్పేయాలంటే ఒక్కో దానికి ఎంత సమయం మిగులుతుంది? పొలం పని చేసే చేతికి డబుల్ క్లిక్ కుదరడానికే కొన్ని రోజులు పడుతుంది. రెండు నొక్కుల మధ్య మౌస్ కదిలిపోతుంది, ఫైల్ తెరుచుకోదు, నాకు రాదులే అని లేచిపోతారు. అలాంటి వాళ్ళకు నేను మౌస్ వేగం తగ్గించి, డబుల్ క్లిక్ వేగం కూడా తగ్గించి, ఒకసారి నొక్కి ఎంటర్ కొట్టమని చెప్తాను. "నేను నొక్కితే ఏమన్నా పాడైపోద్దా సార్" అని భయపడే వాళ్ళకు మొదటి రోజు నేర్పేది కంట్రోల్ జెడ్. చేసిన తప్పు చాలావరకు వెనక్కి తెచ్చుకోవచ్చని తెలిశాకే చెయ్యి ధైర్యంగా కదులుతుంది. ఇవి పరీక్షలో నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలతో తేలేవి కావు. సర్టిఫికెట్ చేతిలో ఉండి ఫైల్ కాపీ చేయడం రాని వాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు.

పెద్దవాళ్ళకు నేర్పలేం అనే మాట మాత్రం నెల్లూరు జిల్లాలో చెల్లదు. 1990ల మొదట్లో ఇక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట లాంతరు కింద పలక పట్టుకున్నారు. వాచకంలో వాళ్ళ బతుకే పాఠమైంది, సారా వల్ల చితికిపోయిన సంసారం కథ చదివి దాని మీద మాట్లాడుకున్నారు, దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అది ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చేదాకా పోయింది. ఆ చదువు నిలబడింది దేనివల్ల? వాళ్ళ ఊళ్ళోనే, వాళ్ళకు వీలైన వేళ, వాళ్ళ విషయాలతో చెప్పారు కాబట్టి. కంప్యూటర్‌కి కూడా ఆ మూడే కావాలి. కేరళ 2002లో మలప్పురం జిల్లాలో అక్షయ కేంద్రాలు పెట్టి ఇంటికొకరికి కంప్యూటర్ నేర్పడం మొదలుపెట్టింది, 2025 ఆగస్టులో సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత సాధించామని ప్రకటించుకుంది. మనకు వాళ్ళకంటే తక్కువేముంది?

చోటు కొత్తగా కట్టనక్కర్లేదు. శాఖా గ్రంథాలయాలున్నాయి. మేం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతోంది, ఆ డబ్బు పూర్తిగా గ్రంథాలయాలకు చేరితే ఒక్కో చోట ఐదారు కంప్యూటర్లు, ఒక యూపీఎస్ పెట్టడం భారం కాదు. కంప్యూటర్లు కూడా కొత్తవే కొనాలని లేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, విండోస్ 11 ఎక్కని పాత మెషిన్లు ప్రభుత్వ ఆఫీసుల్లో కుప్పలు పడతాయి. వాటిని తుక్కు కింద అమ్మకుండా, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్, వర్డ్, ఎక్సెల్ బదులు లిబ్రే ఆఫీస్ వేసి గ్రంథాలయాలకు ఇవ్వండి. లిబ్రే ఆఫీస్ ఉచితం, మెనూలు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు, వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు అందులో తెరుచుకుంటాయి. దాని మీద నేర్చుకున్న వాళ్ళు రేపు ఏ ఆఫీసులో వర్డ్ ముందు కూర్చున్నా తడబడరు.

నేర్పే మనిషి మాత్రం ముఖ్యం, ఇందులో పొదుపు చేయొద్దు. సచివాలయం డిజిటల్ అసిస్టెంట్‌కి ఉన్న పనే ఊపిరాడనివ్వదు, ఇది కూడా వాళ్ళ నెత్తిన పెట్టొద్దు. ప్రతి మండలంలో డిగ్రీ చదివి ఇంటి దగ్గర ఉన్న ఆడపిల్లలు, పెళ్ళై పిల్లలు బడికి పోతున్న తల్లులు ఉన్నారు, వాళ్ళకు శిక్షణ ఇచ్చి నెలకు గౌరవంగా జీతం ఇవ్వండి. ఆడవాళ్ళు నేర్పితే ఆడవాళ్ళు వస్తారు, ఇది నేను రోజూ చూస్తున్నదే. టైము విషయంలో కూడా ఊరి పని చూసి పెట్టండి, మధ్యాహ్నం మూడింటికి ఆడవాళ్ళకు ఒక బ్యాచ్, రాత్రి ఏడింటికి పనికి పోయొచ్చే వాళ్ళకు ఒక బ్యాచ్ ఉండాలి, నాట్లు, కోతల రోజుల్లో క్లాసు ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి, వరసగా ఇన్ని రోజులు రాకపోతే పేరు కొట్టేస్తాం అనే నిబంధన వద్దు. చివర్లో పరీక్ష పెట్టాలనుకుంటే ఒకటే పెట్టండి: తన సొంత పని ఒకటి, అర్జీయో, లెక్కల పట్టికో, దరఖాస్తో, ఎవరి సాయం లేకుండా తయారుచేసి, మెయిల్ చేసి, ప్రింట్ తీయాలి.

నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, మార్కాపురం వైపు కనిగిరి, మెట్ట ప్రాంతంలో ఈ రెండు చోట్ల ఈ వేసవిలోనే మొదలుపెట్టి చూడండి. నేను వాడుతున్న పాఠాలు, రొయ్యల గుంట లెక్క, డ్వాక్రా పట్టిక, అర్జీ నమూనాలు అన్నీ తెలుగులో ఉన్నాయి, మీ శాఖ అడిగితే ఊరికే ఇస్తాను. మొదటి బ్యాచ్‌కి నేర్పేవాళ్ళకు శిక్షణ ఇవ్వమన్నా వస్తాను, బస్సు ఛార్జీలు కూడా నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
కావలి నుంచి ఒక కంప్యూటర్ టీచరు