వార్షిక సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు, సభకు విచ్చేసిన మిత్రులందరికీ నమస్కారం.

మన ఫుట్‌బాల్ సంఘం ఏటా చేసే మ్యాచ్ ప్రదర్శనలు, పిల్లలకు బూట్ల పంపిణీ ఈ సంవత్సరం కూడా యథావిధిగా సాగాయి. వాటి వివరాలు అందరికీ తెలిసినవే కనుక, ఈ నివేదికలో ఎక్కువ చోటు రుమేనియా మిడ్‌ఫీల్డర్ గియోర్గె హాజీ క్రీడాజీవితంపై మనం జరిపిన సభకు కేటాయిస్తున్నాను. ఆ పేరు ప్రతిపాదించినప్పుడు, మరడోనా గురించో జిదాన్ గురించో పెడితే జనం వస్తారని కార్యవర్గంలోనే కొందరు అభిప్రాయపడ్డారు. హాలు నిండిన తీరు చూశాక ఆ సందేహం ఎవరికీ మిగలలేదని సంతోషంగా మనవి చేస్తున్నాను.

1965 ఫిబ్రవరి 5న కాన్‌స్టాంట్సా జిల్లాలోని సచెలె గ్రామంలో పుట్టిన హాజీ, నల్లసముద్రపు ఒడ్డున ఉన్న ఫరుల్ క్లబ్బులో ఆట మొదలుపెట్టి, 18 ఏళ్లకే జాతీయ జట్టులో చోటు సంపాదించాడు. 1987 ఫిబ్రవరిలో యూరోపియన్ సూపర్ కప్ మ్యాచ్ కోసం సైన్యం క్లబ్బయిన స్టెయావా అతన్ని మరో క్లబ్బు నుంచి అరువు తెచ్చుకుంది. డైనమో కీవ్‌పై ఆ మ్యాచ్‌లో పడిన ఒకే ఒక్క గోల్ హాజీదే కావడంతో, ఆ తరువాత అతన్ని వెనక్కి పంపనే లేదు. 1989 డిసెంబరులో రుమేనియా నియంత చౌషెస్కు పాలన కూలిపోయాకనే అతనికి విదేశీ క్లబ్బుల దారి తెరుచుకుంది. రియల్ మాడ్రిడ్‌లో ఉన్న రెండేళ్లలో అతని ప్రతిభకు తగిన ఫలితం రాలేదన్నది నా అభిప్రాయం. ఇటలీలో బ్రెషా క్లబ్బు రెండో శ్రేణికి పడిపోయినా అక్కడే ఉండి, దాన్ని తిరిగి పై శ్రేణికి చేర్చిన జట్టులో ఆడాడు. అంటే 1994 ప్రపంచకప్పుకు అతను వచ్చింది ఇటలీ రెండో శ్రేణి లీగ్ నుంచి. బార్సిలోనా పిలుపు ఆ తరువాతి మాట.

సభలో అందరినీ కట్టిపడేసింది ఆ ప్రపంచకప్పులో కొలంబియాపై చేసిన గోలే. ఎడమ అంచున, గోలుకు చాలా దూరంలో బంతి అందుకున్న హాజీ తల ఎత్తి ఒక్కసారి చూశాడు. గోల్‌కీపర్ కోర్దోబా రెండడుగులు ముందుకు వచ్చి ఉన్నాడు. ఎడమకాలితో లేపిన బంతి అతని చేతుల మీదుగా వెళ్లి అవతలి మూల వలలో పడింది. మన సీనియర్ కోచ్ గారు వీడియోను మూడుచోట్ల ఆపి, హాజీ చూపు ఎటుందో, అడుగు ఎలా పడిందో పిల్లలకు వివరించారు. అర్జెంటీనాను 3-2తో ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరిన రుమేనియా, స్వీడన్ చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడిపోయిన దృశ్యాలను కూడా చూపించాం.

ఆ తరువాత టర్కీ క్లబ్బు గలతసరాయ్‌లో అతను ఆడిన కాలంపై మాట్లాడినవారు దేన్నీ దాచకుండా చెప్పారు. 2000 మే 17న కోపెన్‌హాగెన్‌లో ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్‌తో జరిగిన యూఫా కప్ (యూరప్ క్లబ్బుల పోటీ) ఫైనల్లో, అదనపు సమయంలో హాజీకి రెడ్ కార్డు చూపించారు. మిగిలిన పదిమందీ నిలబడి షూటౌట్‌లో కప్పు గెలిచారు. కప్పు తెచ్చిన చివరి పెనాల్టీ కొట్టింది మరో రుమేనియా ఆటగాడు పొపెస్కు. జాతీయ జట్టు తరఫున 124 మ్యాచ్‌లలో 35 గోల్స్ చేసిన హాజీ, 2001లో ఆట నుంచి విరమించాడు.

అయితే ఈ సభ జరపాలని నేను పట్టుబట్టింది ఆ తరువాతి కథ కోసం. కోచ్‌గా పనిచేస్తూనే 2009లో హాజీ సొంత జిల్లాలో విటోరుల్ క్లబ్బును, దానికి అనుబంధంగా అకాడమీని స్థాపించాడు. ఎక్కువగా అక్కడ తయారైన కుర్రాళ్లతోనే ఆ క్లబ్బు 2016-17లో రుమేనియా లీగ్ గెలిచింది. 2021లో అది పాత ఫరుల్‌తో కలిసిపోగా, 2022-23లో ఆ ఫరుల్ కూడా హాజీ శిక్షణలోనే లీగ్ విజేత అయింది. రహీం సాబ్ శిక్షణలో భారత జట్టు 1962 ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. అంతటి కోచ్‌ను ఇచ్చిన హైదరాబాదులో ఇలాంటి పని ఎందుకు సాగలేదని సభలో ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నను కార్యవర్గం తీవ్రంగా తీసుకోవాలి.

ఈ సభను మైదానంలో పెద్ద తెర మీద జరపాలనుకున్నాం. సంబంధిత కార్యాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా, అనుమతి పత్రం సభ అయిపోయాక గానీ చేతికి రాలేదు. స్వచ్ఛందంగా పనిచేస్తామని పేర్లిచ్చిన వారిలో చాలామంది ఆ రోజు కనబడలేదు. కుర్చీలు వేసినవారే చివర్లో హాలు ఊడ్చారు. ఈ మాట బాధతోనే రాస్తున్నాను.

హాలు ఉచితంగా ఇచ్చిన పాఠశాల యాజమాన్యానికి, ప్రొజెక్టరు తెచ్చిన సభ్యునికి, తెల్లవారుజామునే లేచి ఉప్మా, టీ సిద్ధం చేసిన మహిళా సభ్యులకు, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకు, కరపత్రాలు ఊరికే అచ్చువేసిన మిత్రునికి, అడుగడుగునా వెన్నంటి నిలిచిన అధ్యక్షులవారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఆడిటరు సంతకం చేసిన జమాఖర్చుల పట్టికను జతపరిచాను, సభ్యులు పరిశీలించగలరు. బకాయి చందాలు వెంటనే చెల్లించవలసిందిగా కోరుతున్నాను.

పన్నెండేళ్లలోపు పిల్లలకు వారాంతపు శిక్షణ ప్రారంభించాలన్న తీర్మానాన్ని ఈ నివేదికతో పాటు సభ ముందుంచుతున్నాను. ఉదయం ఆరింటికి మైదానానికి రాగలిగినవారు మాత్రమే ఈసారి పేర్లు ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి