షోలాపూర్ నుంచి బిడ్డకు

బిడ్డా,

ఫోన్లో నువ్వడిగింది నిన్న షిఫ్టంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. రైతునీ కార్మికుణ్ణీ పేరులోనే కలుపుకున్న పార్టీ మన మహారాష్ట్రలో ఉండి కూడా రెండు మూడు జిల్లాలకే ఎందుకు మిగిలిందీ అని. మీ కాలేజీ పుస్తకాల్లో ఏముందో గానీ, మగ్గం దగ్గర్నుంచి నాకు కనబడేది రాస్తున్నా.

శేత్కరీ కామ్‌గార్ పక్షం, అదే మనవాళ్ళనే శేకాప, 1947లో పుట్టింది. కాంగ్రెస్ నుంచి బయటికొచ్చి దాన్ని పెట్టిన కేశవరావు జేధే, శంకరరావు మోరే కొన్నేళ్ళకే మళ్ళీ కాంగ్రెస్‌లోకే పోయారు. సహకార చక్కెర ఫ్యాక్టరీలు లేచాక చెరుకున్న పెద్దరైతులూ అటే మొగ్గారు.

అసలు చిక్కు ధరలో ఉంది. పత్తి రేటు పెరిగితే రైతుకు పండగ. దాంతో నూలు రేటూ పెరిగితే సేటు ముందు మగ్గాలు ఆపిస్తాడు. మగ్గం ఆగిన రోజు మాకు కూలి లేదు. ఈ లెక్క తేల్చకుండా ఇద్దరికీ ఒకే జెండా ఇస్తే అది మేడే ఊరేగింపు వరకే. మన జిల్లాలోనే సాంగోలాలో శేకాప నాయకుడు గణపతరావు దేశ్‌ముఖ్ కొంతైనా తేల్చాడు. ఆ కరువు తాలూకాలో రైతుల సహకార నూలు మిల్లు నిలబెట్టాడు. 11 సార్లు ఎమ్మెల్యే అయినా మామూలు ప్రభుత్వ ఎస్టీ బస్సెక్కేవాడు!

రాయగఢ్ వైపు కథ వేరు. నవీ ముంబై కోసం భూములు తీసుకుంటుంటే శేకాప నాయకుడు ది.బా. పాటిల్ వెంట రైతులు కదిలారు. 1984 జనవరిలో ఉరణ్ దగ్గర పోలీసు కాల్పుల్లో అయిదుగురు పోయారు. ఆ పోరాటం వల్లే తర్వాత 12.5 శాతం అభివృద్ధి చేసిన భూమి తిరిగివ్వాల్సొచ్చింది. భూమి పోయిన ఇంట్లో కొడుకు రేవులో పనికి పోతే, రైతూ కార్మికుడూ ఒక్క చాపమీదే అన్నం తింటారు. వాళ్ళను కలపడానికి ఉపన్యాసమెందుకు?

మన పేటల్లో మాత్రం ఎర్రజెండా అంటే సీపీఎం నాయకుడు ఆడం మాస్టరుది, బీడీలు చుట్టే మీ అమ్మలాంటి వాళ్ళకు ఇళ్ళు కట్టించిన జెండా. సాంగోలాలో రైతుల ఎర్రజెండా ఇంకోటి, శేకాపది. జిల్లా ఒక్కటే, జెండాలు రెండు. నాకిదే మింగుడుపడదు.

2024లో సాంగోలాలో గణపతరావు మనవడు శేకాప తరఫున ఎమ్మెల్యేగా గెలిచాడు. గెలిచింది పార్టీయా, తాత పేరా? దీపావళికి వచ్చినప్పుడు ఆ ఊరెళ్ళి నువ్వే అడిగి రా. నేను అడిగితే మగ్గం వాడికెందుకంటారు.

నాన్న