ఈ సెలవుల్లో పాత బట్టలు పంపకండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోవచ్చాయి. మార్కులు జనవరిలో బడి తెరిచాకే చెబుతాం. అంతవరకు రాత్రి పదింటికి టీచర్లకు వాట్సాప్ మెసేజీలు పెట్టకండి, వాళ్లకూ ఇళ్లున్నాయి. ఈ ఉత్తరం మార్కుల కోసం రాయడం లేదు.

ఏటా ఈ రోజుల్లో మీలో చాలామంది ఆఫీసుకు ఫోన్ చేసి ఇంచుమించు ఒకే మాట అడుగుతారు. "మేడమ్, క్రిస్మస్, సంక్రాంతి వస్తున్నాయి కదా, పిల్లల చేత ఎవరికైనా ఏదైనా ఇప్పిద్దామనుకుంటున్నాం. పాత బట్టలు రెండు సంచులున్నాయి, పంపమంటారా?" పిల్లల చేత ఇప్పించాలనుకోవడం నాకు ఎంతో సంతోషం. బట్టలు మాత్రం వద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే నా తప్పులు రెండు మీ ముందు పెట్టాలి.

2023 డిసెంబరు 3, 4 తేదీల వాన మీకు గుర్తుండే ఉంటుంది. మిగ్‌జాం తుపాను తీరం దాటింది మన బాపట్ల దగ్గర, నీళ్లు నిలిచింది మాత్రం ఇక్కడ చెన్నైలో, వేళచ్చేరిలో, పళ్లికరణైలో, వ్యాసర్పాడిలో. బడి తెరవగానే నేను గ్రూపులో ఒక్క వాక్యం పెట్టాను: "వరద బాధితులకు మీకు తోచింది పంపండి." మీకు తోచిందే పంపారు. మూడు రోజుల్లో ప్రార్థన హాల్లో బట్టల మూటలు కిటికీల ఎత్తుకు లేచాయి. సగం తడిసి ముక్కిపోయిన వాసన. జిప్పు ఊడిన లెహంగాలు, మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్సు, ఒక కోటు. చెన్నపట్నం ఉక్కలో, అదీ మోకాలి లోతు నీళ్లలో, ఎవరు తొడుక్కుంటారనుకుని పంపారో ఆ కోటు!

మా ఆయమ్మ రెండు రోజులు ఒక్కతే కూర్చుని వాటిని వేరు చేసింది. పనికొచ్చేవి ఓ పక్క, పనికిరానివి ఓ పక్క. పనికిరాని కుప్పే పెద్దది. మూడో రోజు మధ్యాహ్నం, ఆమె చీర కుచ్చెళ్లకు బురద మరక చూసి, అప్పటికి గానీ నాకు అడగాలని తట్టలేదు. "మీ ఇంట్లోకి నీళ్లొచ్చాయా?" అన్నాను.

"నడుం దాకా వచ్చాయి మేడమ్," అంది, చేతిలో చొక్కా మడతపెడుతూనే.

"మరి ఇందులోంచి నీక్కావలసినవి తీసుకోకపోయావా!"

"బట్టలున్నాయమ్మా, అటక మీద పెట్టుకున్నాం. బియ్యం డ్రమ్ము బోర్లా పడిపోయింది. చాపలు, దుప్పట్లు పోయాయి. బురద ఎత్తిపోయడానికి బకెట్టు లేదు. పిల్లోడి పుస్తకాలు ఉబ్బిపోయాయి."

ఊరంతటికీ సాయం చేస్తున్నామని హడావిడి పడ్డ నేను, నా గదికి పది అడుగుల దూరంలో ఉన్న మనిషిని రెండు రోజులు అడగలేదు. అది మొదటి తప్పు.

రెండోది ఆ వారాంతంలో జరిగింది. కొత్త బకెట్లు, బెడ్‌షీట్లు కొని ఏడో తరగతి పిల్లలతో ఒక పేటకు వెళ్లాం. బడి పేరుతో బ్యానరు కట్టాం, ఫోటోలకు మనిషిని కూడా పెట్టాం. వరుసలో పన్నెండేళ్ల కుర్రాడొకడు వాళ్లమ్మ బదులు నిలబడ్డాడు. తన వంతు వచ్చేసరికి బకెట్టు పట్టుకుని ఎదురుగా ఉన్నది మన పిల్లవాడు. ఇద్దరూ సాయంత్రాలు ఒకే వీధిలో క్రికెట్ ఆడతారట. కెమెరా ఇటు తిరగగానే ఆ కుర్రాడు వరుసలోంచి తప్పుకుని వెళ్లిపోయాడు. బకెట్టు మన వాడి చేతిలోనే ఉండిపోయింది. వాడు ఆ పూట భోజనం చేయలేదని తర్వాత వాళ్లమ్మ చెప్పింది.

అప్పటినుంచి మన బడిలో ఇలాంటి పనులకు ఫోటోలు లేవు. న్యూస్‌లెటర్‌లో బొమ్మలు తగ్గాయని ఒకరిద్దరు అడిగారు. తగ్గిన మాట నిజమే, ఇకముందూ ఇంతే. డొక్కా సీతమ్మ గారి గురించి పిల్లలకు అసెంబ్లీలో చెబుతుంటాను. గోదావరి లంకల్లో, గన్నవరంలో, దారిన పోయే ప్రతివాళ్లకూ వేళాపాళా లేకుండా వండి వడ్డించిన ఇల్లాలు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సంబరాలకు ఢిల్లీ రమ్మని పిలుపొస్తే వెళ్లలేదని, కనీసం ఫోటో అయినా ఇమ్మంటే దానికీ ఒక పట్టాన ఒప్పుకోలేదని చెబుతారు. ఆవిడ 1909లో పోయారు. ఇప్పుడు ఆంధ్రలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు.

మధ్యాహ్న భోజనం అంటే మన ఊరి కథా ఒకటుంది. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ శెట్టి గారు, మనమంతా పండగ బట్టలకు ఎగబడే టి.నగర్‌కు ఆయన పేరే, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు పగటి భోజనం మొదలుపెట్టించారు. తలకు అణా మించకుండా ఖర్చు. పేదపిల్లలు బడికి రావడం లేదంటే దానికి కారణం ఆకలి అని పట్టుకోవడంలోనే ఉంది ఆయన గొప్పతనం. పలకలు పంచి ఊరుకుని ఉంటే పిల్లలు పలకలతో ఇంట్లోనే ఉండేవాళ్లు.

అందుకని ఈసారి ఎనిమిదో తరగతి వాళ్లకు తెలుగు హోంవర్కుగా ఒక పని ఇచ్చాం. మీ వీధికి చెత్త బండితో వచ్చేవాళ్లను తెలుగులో పలకరించి, "మీదే ఊరు? పండక్కి మీకేం కావాలి?" అని అడిగి రాసుకు రమ్మన్నాం. పిల్లలు ముందు నమ్మలేదు, వాళ్లకు తెలుగు వస్తుందా అన్నారు. ఈ ఊరిని ఊడ్చేవాళ్లలో ఎందరో తాతల నాడు నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు. ఇంట్లో మన పిల్లలకన్నా మంచి తెలుగు మాట్లాడతారు.

నోటుపుస్తకాలు చదువుతుంటే ఒక్కో చోట ఆగిపోయాను. చీరలడిగినవాళ్లు ఉన్నారు, డబ్బు అడిగినవాళ్లూ ఉన్నారు, అందులో తప్పేం లేదు. ఒక అమ్మాయి ఇలా రాసింది: "అక్క నవ్వింది. ఏం వద్దులే, గాజు పెంకులు కాయితంలో చుట్టి విడిగా ఇయ్యమని మీ అమ్మకు చెప్పు అంది. బొటనవేలి కింద పొడుగ్గా కోసుకున్న మచ్చ చూపించింది." ఇంకో అబ్బాయి పుస్తకంలో ఒకే వాక్యం: "మీ అపార్ట్‌మెంట్ కింద బాత్రూమ్ ఉంది కదా, తాళం తీయమని చెప్పు."

తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైనది ఇంట్లోనే వేరు చేయాలని, డైపర్లు, ప్యాడ్లు భద్రంగా చుట్టి ఇవ్వాలని 2016లో కేంద్రం తెచ్చిన చెత్త నిబంధనల్లోనే చెప్పారు. అంటే ఆ అక్క అడిగింది కానుక కాదు, మనం పడ్డ బాకీ. ఇక ఆ బాత్రూమ్ తాళం. రూపాయి ఖర్చు లేదు. అయినా అసోసియేషన్ మీటింగులో లిఫ్టుకు లక్షలు పాసవుతాయి గానీ ఈ తాళం దగ్గర గంట చర్చ జరుగుతుంది. మా కాంప్లెక్సులో నేను రెండుసార్లు ఓడిపోయాను, జనవరిలో మూడోసారి అడుగుతాను. మీరూ మీ దగ్గర అడగండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ అడగండి.

వస్తువులే ఇవ్వాలనుకునేవాళ్లకు: డిసెంబరు 18 నుంచి 22 వరకు, ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా, ఆటవస్తువుల గదిలో తీసుకుంటాం. కొత్త బెడ్‌షీటు, చాప, మగ్గుతో బకెట్టు, రాయని నోటుపుస్తకాలు. ఇంటికి ఒక్కటి చాలు. కొన్ని ఇప్పుడు వెళతాయి, మిగతావి వచ్చే వానాకాలానికి అటక మీద ఉంటాయి. ఎవరు ఏం తెచ్చారో రాసుకోం, పేర్లు బోర్డుకెక్కవు, సర్టిఫికెట్లు లేవు. ఏమీ పంపని ఇంటి పిల్లల్ని ఎవరూ ఏమీ అడగరు. ఫీజు కట్టడానికే కిందామీదా పడుతున్న ఇళ్లు మన బడిలో ఉన్నాయని నాకు తెలుసు.

బట్టలు పంపొద్దన్నాను కదా అని భోగి మంటల్లో వేయకండి. 2018లో భోగి పొగకు మంచు తోడై మీనంబాక్కంలో విమానాలు దిగలేక పక్క ఊళ్లకు మళ్లాయి. ఇంట్లో ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లకు మళ్లడానికి పక్క ఊరు ఉండదు. మెత్తటి నూలు చీరలుంటే బొంత కుట్టించండి, మిగతావి మసిగుడ్డలకు వాడండి. పిడకలు, నాలుగు కట్టెలు చాలు భోగికి.

సెలవుల్లో ఊరు వెళ్లేవాళ్లు, ఇంకా హరిదాసు తిరిగే ఊరైతే, పిల్లల్ని పొద్దున్నే లేపి చూపించండి. మా నెల్లూరు ఇంటి ముంగిట్లో నాకు ఐదేళ్లప్పుడు, తలమీద అక్షయపాత్రతో వచ్చిన ఆయన నా చెయ్యి అందేలా మోకాళ్ల మీద కూర్చునేవాడు. దోసిట్లో బియ్యం పోయగానే మా నాయనమ్మ నా మెడ వంచి ఆయనకు దణ్ణం పెట్టించేది. బియ్యం ఇచ్చింది మనం కదా, దణ్ణం మనమెందుకు పెట్టాలని అడిగాను. "పెట్టు ముందు," అనేది. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు.

బడి జనవరి 2న తెరుస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయిని

తా.క.: ఆఫీసు గదిలో పదకొండు గొడుగులు, పద్నాలుగు నీళ్ల సీసాలు, ఒకే కాలి బూటు ఒకటి యజమానుల కోసం ఎదురుచూస్తున్నాయి. 22వ తేదీలోగా వచ్చి తీసుకెళ్లండి. మిగిలిన గొడుగుల్లో తెరిస్తే తెరుచుకునేవి మాత్రమే, కావలసినవాళ్లను అడిగి ఇస్తాం.