మా పత్రాలు చూసిన వకీలు ఎవరో చెప్పండి

గృహరుణ విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: లీగల్ రిపోర్టుపై సంతకం చేసినవారి ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఇవ్వకుండా తిప్పుతున్న సంగతి.

అయ్యా,

మా ప్లాటు రుణానికి మీరు ఒక ఏజెన్సీతో తెప్పించిన లీగల్ రిపోర్టు (ప్లాటు పత్రాలు చూసి హక్కు సరిగా ఉందో లేదో చెప్పేది) చివర ఒక పొడి సంతకం, ఆ ఏజెన్సీ స్టాంపు మాత్రమే ఉన్నాయి. సంతకం ఎవరిది, న్యాయవాదిగా వారి బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ (నమోదు) నంబరు ఎంత? మేమడిగింది ఇదొక్కటే.

కాల్ సెంటర్ వారు "ఈసీ నిల్ వచ్చిందిగా, ఇంకెందుకండీ భయం" అన్నారు. ఈసీ అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం; నిల్ అంటే ఏవీ దొరకలేదని. ఫిర్యాదు రాసుకుంటామని చెప్పి, ఏ జవాబూ ఇవ్వకుండానే "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ పెట్టారు. బ్రాంచికి వెళితే లీగల్ తమ చేతిలో లేదు, ఏజెన్సీని అడగమన్నారు. ఏజెన్సీ వారేమో మీ కంపెనీకి తప్ప కస్టమర్లకు జవాబు చెప్పబోమన్నారు. మళ్లీ ఫోన్ చేస్తే "మీ లోన్ నంబరు చెప్పండి" అంటూ మొదటికొచ్చారు. మనిషిని ఇంత తేలిగ్గా తీసిపారేస్తారా?

మన దగ్గర టైటిల్ సెర్చ్ (ఆస్తి హక్కు ఎవరిదో పాత రికార్డుల్లో వెతకడం) చేసేవారికి విడిగా లైసెన్సు లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఫీజు కడితే రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటో బుక్కు, దాని ఇండెక్సు ఎవరైనా చూడొచ్చు. కానీ చూసినదాన్ని బట్టి టైటిల్ బాగుందని అభిప్రాయం చెప్పడం న్యాయవాద వృత్తి కిందికే వస్తుంది; కోర్టు బయట న్యాయపరమైన అభిప్రాయం ఇవ్వడమూ న్యాయవాద వృత్తేనని సుప్రీంకోర్టు 2018లో బాలాజీ కేసులో స్పష్టం చేసింది. కొనేవాడికి ఉన్న రక్షణ ఆ ఎన్‌రోల్‌మెంట్ నంబరే. తప్పు జరిగితే బార్ కౌన్సిల్‌లో ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలిసేది దానితోనే.

రిపోర్టు చూస్తే అనుమానం ఇంకా పెరుగుతోంది. 30 ఏళ్ల సెర్చ్ అన్నారు, ఫారం 16 (నిల్ ఈసీ) జతచేశారు. వెతికింది ప్లాటు నంబరుతో. ఆ లేఅవుట్ పడిందే 2007లో! అంతకుముందు ఆ భూమి సర్వే నంబరు కింద ఎకరాలు, గుంటల లెక్కన రిజిస్టరైంది. ప్లాటు నంబరుతో వెతికితే ఆ లావాదేవీలు ఎలా దొరుకుతాయి? సర్వే నంబరు, దాని బై నంబర్లన్నీ (ఉపవిభాగాలు), హద్దులు వేసి, రిజిస్ట్రేషన్ ఆఫీసులు విడిపోకముందు ఆ ఊరు ఏ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు కింద ఉండేదో అక్కడ కూడా చూడాలి. వీలునామాలు మూడో బుక్కులో ఉంటాయి, ఈసీలో రావు. రిజిస్టరు చేయని డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్ (దస్తావేజులు అప్పగించి పెట్టే తాకట్టు) కూడా రాదు. అందుకు సెర్సాయ్‌లో (తాకట్టులు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ) వెతకాలి. లింకు డాక్యుమెంట్ల (పాత యజమానుల దస్తావేజుల) ఊసే లేదు.

మా నాన్నగారి కాలం నుంచి మా ఇంటి రుణాలన్నీ మీ దగ్గరే. ఒక్క కిస్తీ తప్పలేదు. ఆ నమ్మకానికి మీరిచ్చే విలువ ఇదేనా?

నంబరు రాతపూర్వకంగా ఇవ్వండి. లేదంటే న్యాయవాది చేత మీ ఖర్చుతో మళ్లీ సెర్చ్ చేయించి, మా దగ్గర వసూలు చేసిన లీగల్ ఫీజు వాపసు చేయండి. తెలిసీ సమాచారం దాచిపెట్టడం సేవాలోపమేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(11) సెక్షన్ చెబుతోంది. 15 రోజుల్లో జవాబు రాకపోతే ఈ లేఖ, మీ మెసేజ్‌లు జతచేసి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీపైనా, ఏజెన్సీపైనా కేసు వేస్తాం.

ఇట్లు,
మీ ఖాతాదారు