బావా, మదర్‌బోర్డు ఇప్పుడే మార్చకు

బల్లార్షా,
మే నెలాఖరు

బావా,

ఆ షాపులో మదర్‌బోర్డుకు అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకు. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక కూడా ఇవ్వాలనిపిస్తే అప్పుడు ఇద్దువుగాని. నిన్న ఫోన్‌లో సిగ్నల్ పోతూ వస్తూ ఉంది, నేను చెప్పినదాంట్లో సగం నీకు చేరనే లేదు. పైగా ఇది ఫోన్‌లో తేలే విషయం కాదు. లాప్‌టాప్ ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ చేసుకుంటూ పోవాలి. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నువ్వు చెప్పింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూడు. కార్ల గేమ్ మొదలుపెట్టాక కాసేపు బాగానే నడుస్తుంది. ఉన్నట్టుండి బొమ్మ ఆగిపోతుంది. సౌండ్ మాత్రం ఆగదు, చివరి ముక్కే గర్రుమంటూ తిరుగుతూ ఉంటుంది. మౌస్ కదలదు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయడం తప్ప దారి లేదు. పొద్దున్నే ఆడితే ఏమీ కాదు, మధ్యాహ్నం ఆడితే మాత్రం అవుతుంది. షాపులో చాలాసేపు గేమ్ నడిపించి చూశారు, ఒక్కసారి కూడా హ్యాంగ్ కాలేదు. అయినా "మదర్‌బోర్డే అయ్యుంటుంది" అన్నారు.

నాకు కోపం వచ్చింది అక్కడే. తమ కళ్ళ ముందు ఒక్కసారి కూడా కనపడని లోపానికి లాప్‌టాప్‌లో అన్నిటికంటే ఖరీదైన భాగాన్ని ఎలా మార్చమంటారు? ఏ పరీక్ష చేస్తే మదర్‌బోర్డు అని తేలిందో కాగితం మీద రాసి ఇమ్మని అడుగు. నెలనెలా ఈఎంఐ కడుతున్నది నువ్వు. అడిగే హక్కు నీకుంది.

అక్కడ హ్యాంగ్ కాకపోవడానికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. షాపులో ఏసీ ఉంది. గది 24, 25 డిగ్రీల్లో ఉంటుంది. ఇప్పుడు రోహిణి కార్తె, మన రెండు ఊళ్ళలోనూ రోళ్ళు పగిలే ఎండలు. సిరొంచలో మీ ముందుగది మధ్యాహ్నం 40కి తగ్గదు. చిప్ లోపలి వేడి అంటే గది వేడి, దాని మీద ఆ చిప్ సొంతంగా పుట్టించే వేడి, రెండూ కలిసిన మొత్తం. అంటే షాపుకీ మీ ఇంటికీ ఉన్న ఆ 15 డిగ్రీల తేడా దాదాపుగా అలాగే లోపలికి వెళ్తుంది. ఏసీ గదిలో 75 దగ్గర కులాసాగా ఉన్న గ్రాఫిక్స్ చిప్ మీ ఇంట్లో 90కి ఎగబాకాలని చూస్తుంది. మన ఎండలో బయటపడే లోపాన్ని ఏసీ గదిలో వెతికితే దొరకదు.

అలాగని "వేడికే హ్యాంగ్ అవుతోంది" అని కూడా తేల్చేయకు. అందరూ అదే అంటారు, సగం సార్లు అది పూర్తి నిజం కాదు. ప్రాసెసర్లూ గ్రాఫిక్స్ చిప్‌లూ వేడిని తామే చూసుకుంటాయి. ఇంటెల్ లాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి 100 డిగ్రీలు హద్దు, ఎన్‌విడియా లాప్‌టాప్ చిప్‌లు సాధారణంగా 87 దగ్గరే వేగం తగ్గించుకుంటాయి. అప్పుడు గేమ్ నత్తనడక నడుస్తుంది, ఫ్రేములు (సెకనుకు స్క్రీన్ మీద మారే బొమ్మలు) పడిపోతాయి. మరీ హద్దు దాటితే లాప్‌టాప్ టప్పున ఆరిపోతుంది. బొమ్మ బిగుసుకుపోయి సౌండ్ ఒకే ముక్క అరవడం వేరే సంగతి. ప్రాసెసర్ కొత్త సౌండ్ అందించలేక, మెమరీలో మిగిలిన చివరి ముక్కే మళ్ళీ మళ్ళీ మోగుతోందన్నమాట. వేడి ఆ లోపాన్ని బయటికి తెస్తూ ఉండొచ్చు, లోపం మాత్రం ఇంకెక్కడో ఉండొచ్చు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. పోయిన వేసవిలో నా లాప్‌టాప్‌కు సరిగ్గా ఇదే జరిగింది. మా ఊరి సంగతి నీకు తెలుసు, చుట్టూ బొగ్గు గనులు, కిటికీ చువ్వ మీద వేలు పెడితే నల్లగా అంటుకుంటుంది. మార్చి వచ్చిందంటే ఇంటింటికీ కూలర్. ఆ తేమగాలి, ఈ బొగ్గు దుమ్ము, రెండూ ఫ్యాన్ లోపలికి వెళ్ళి కలిస్తే ఏమవుతుందో వెనక మూత తీశాక చూశాను. ఫ్యాన్‌కూ వేడి బయటికి పంపే సన్నటి రెక్కలకూ మధ్య కంబళి ముక్క కుట్టినట్టు నల్లటి పొర. బయటినుంచి ఎంత ఊదినా అది రాదు, ఫ్యాన్ విప్పి చేత్తో ఒలిచి తీయాల్సిందే. తీశాక వేడి బాగా తగ్గింది, ఫ్యాన్ గోల కూడా తగ్గింది. ఇంట్లో అందరూ ఇక బాగైపోయిందన్నారు. కానీ హ్యాంగ్ మాత్రం పోలేదు.

అప్పుడు హెచ్‌డబ్ల్యుఇన్ఫో పెట్టాను. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఇది. తెరిచేటప్పుడు "సెన్సర్స్ ఓన్లీ" అని టిక్ పెట్టు, కింద లాగింగ్ బటన్ నొక్కు, గేమ్ ఆడుకో. మామూలుగా రెండు సెకన్లకోసారి ప్రతి భాగం వేడీ, వేగం, కరెంటు వాడకం ఫైలులో రాసుకుంటూ పోతుంది. లాప్‌టాప్ బిగుసుకుపోయినా అప్పటిదాకా రాసింది డిస్క్ మీద ఉంటుంది. చివరి వరసలు చూస్తే ఆ క్షణానికి లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది. నా ఫైలులో చివరి వరసలు చూస్తే అన్నీ హద్దులోనే ఉన్నాయి, గ్రాఫిక్స్ చిప్ 80 కూడా దాటలేదు. అంటే అటు వెతకడం దండగ.

ఇక మిగిలిన పెద్ద అనుమానం ర్యామ్, అంటే పని జరుగుతున్నంతసేపు వివరాలు దాచుకునే మెమరీ. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి, దాంతో బూట్ చేసి నడిపాను. రాత్రి నడిపితే పాస్. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మర్నాడు మధ్యాహ్నం కూలర్ ఆపేసి, గది మండిపోతుండగా మళ్ళీ నడిపాను. తప్పులు చూపే ఎర్ర గీతలు వరసగా వచ్చాయి. రెండు ర్యామ్ స్టిక్కులనూ విడివిడిగా పెట్టి చూస్తే తప్పులన్నీ ఒకే స్టిక్‌వి. ర్యామ్‌లో ఒక్క తప్పు వచ్చినా అది చెడిపోయిందనే లెక్క బావా, "కొంచెమే కదా" అనడానికి లేదు.

వేడికీ దానికీ సంబంధం ఏమిటంటే, ర్యామ్ ప్రతి బిట్‌నూ, అంటే ప్రతి 0నూ 1నూ, ఎంతో చిన్న విద్యుత్ ఛార్జ్‌గా దాచుకుంటుంది. ఆ ఛార్జ్ కారిపోతూ ఉంటుంది కాబట్టి సాధారణంగా 64 మిల్లీసెకన్ల లోపు అంతటినీ ఒకసారి మళ్ళీ నింపాలి. వేడి పెరిగేకొద్దీ త్వరగా కారుతుంది. అందుకే 85 డిగ్రీలు దాటితే రెట్టింపు తొందరగా నింపాలని ప్రమాణాల్లోనే ఉంది. మంచి ర్యామ్ దీన్ని తట్టుకుంటుంది. బలహీనమైన చోటు ఒక్కటి ఉన్నా, పొద్దున చల్లగా ఉన్నప్పుడు నిలబడి, మధ్యాహ్నం చేతులెత్తేస్తుంది. నీ గేమ్ పొద్దున బాగుండి మధ్యాహ్నం ఆగిపోవడం విన్నప్పటి నుంచి నా మనసు దీని మీదే ఉంది. ఇదే అని మాత్రం అనను, చూడాలి.

ఈసారి హ్యాంగ్ అయినప్పుడు వెంటనే పవర్ బటన్ మీదికి వెళ్ళకు. ముందు క్యాప్స్ లాక్ నొక్కు. దాని లైటు వెలిగి ఆరుతుంటే విండోస్ ఇంకా బతికే ఉంది, ఆగింది గేమో గ్రాఫిక్సో. అప్పుడు కీబోర్డు మీది విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలు మూడూ కలిపి పట్టుకుని బి నొక్కు. గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే విండోస్‌కూ గ్రాఫిక్స్ చిప్‌కూ మధ్య పనిచేసే సాఫ్ట్‌వేర్, మళ్ళీ మొదలవుతుంది. స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి తిరిగొస్తే డ్రైవర్ వైపు చూడాలి. క్యాప్స్ లాక్ లైటు కూడా కదలకపోతే మొత్తం బిగుసుకుపోయినట్టే, అప్పుడు ర్యామ్ అనుమానం ఇంకా పెరుగుతుంది.

మళ్ళీ ఆన్ చేశాక స్టార్ట్‌లో "రిలయబిలిటీ" అని కొట్టు. రోజులవారీగా ఎర్ర గుర్తులు కనిపిస్తాయి. విండోస్ తన తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ కూడా చూడు. అక్కడ కెర్నల్-పవర్ 41 అని కనపడితే కంగారు పడకు. లాప్‌టాప్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని దాని అర్థం, అంతే. నువ్వు బటన్ నొక్కిపట్టి ఆపావు కాబట్టి అది వచ్చి తీరుతుంది. దాన్నే చూపించి "పవర్ సెక్షన్ పోయింది" అని చెప్పే షాపులున్నాయి, నమ్మకు. డబ్ల్యుహెచ్‌ఈఏ-లాగర్ అని ఉంటే మాత్రం ఫొటో తీసి పంపు, అది హార్డ్‌వేర్ తనంతట తాను చెప్పుకున్న తప్పు. డిస్‌ప్లే పేరుతో 4101 ఉంటే డ్రైవర్ ఆగి మళ్ళీ లేచిందని.

డ్రైవర్ అని తేలితే పని తేలికే. డీడీయూ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో సేఫ్ మోడ్‌లో పాత డ్రైవర్‌ను పూర్తిగా తుడిచేసి, లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో నీ మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్ వేసుకో. అన్నిటికంటే కొత్తదే మంచిదని లేదు.

డిస్క్ గురించి ఒక్క మాట. అది చెడుతుంటే తీరు వేరేగా ఉంటుంది: ముందు గేమ్ ఆగుతుంది, మౌస్ కదులుతూనే ఉంటుంది, తర్వాత ఏది నొక్కితే అది ఒక్కొక్కటే బిగుసుకుంటుంది. నీది అలా లేదు. అయినా డిస్క్ పరిస్థితి చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టి "గుడ్" అని ఉందో లేదో చూసుకో, నిమిషం పని. నీ ఫొటోలన్నీ ముందు ఇంకో చోటికి కాపీ చేసుకో.

కరెంటు సంగతి మీ ఊళ్ళో కొంచెం జాగ్రత్తగా చూడాలి. నీ ఛార్జర్‌తో పాటు కూలర్ కూడా ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉంది కదా, పోయినసారి వచ్చినప్పుడు చూశాను. వోల్టేజ్ తక్కువైనా ఛార్జర్ సర్దుకుంటుంది, చాలావాటి మీద 100-240 వోల్టులని రాసే ఉంటుంది. లూజు పిన్నుతోనే అసలు బాధ. కూలర్ మోటారు మొదలైనప్పుడల్లా బోర్డులో మిణుకుమంటే, లాప్‌టాప్ కరెంటు నుంచి బ్యాటరీకీ, బ్యాటరీ నుంచి కరెంటుకీ మారుతూ ఉంటుంది. బ్యాటరీ మీద గ్రాఫిక్స్ చిప్‌కు కావలసినంత పవర్ అందదు, గేమ్ తడబడుతుంది. ఛార్జర్‌ను నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి ఒకరోజు ఆడి చూడు. లాప్‌టాప్‌తో వచ్చిన పెద్ద ఛార్జరే వాడు. ఫోన్‌కూ లాప్‌టాప్‌కూ పనికొచ్చే 65 వాట్ల టైప్-సి ఛార్జర్ గేమ్‌కు చాలదు.

మూత విప్పే ముందు వారంటీ కార్డు చదువు. విప్పితే వారంటీ పోతుందని ఉంటే ఆగు, కంపెనీ వాళ్ళకే చెబుదాం. లేకపోతే ఛార్జర్ తీసేసి, మూత తెరవగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయి. స్క్రూల పొడవులు వేరువేరుగా ఉంటాయి, కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే పెట్టుకో. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకో, విపరీతంగా తిరిగితే దాని బేరింగ్ పాడవుతుంది. మీ దగ్గర బొగ్గు లేకపోయినా ప్రాణహిత ఇసుక ఉంది, గాలికి అది ఇంట్లోకి ఎలా వస్తుందో చూశాను. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, ఇక ఏదీ ముట్టుకోకు, నాకు ఫోన్ చెయ్యి. చిప్‌ల వేడిని లాగే లోహపు భాగం, హీట్‌సింక్, మాత్రం విప్పకు. కొన్ని మోడళ్ళలో దానికీ చిప్‌కూ మధ్య పేస్టు బదులు లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) ఉంటుంది, అది చుక్క జారినా బోర్డు మీద షార్ట్ అవుతుంది.

ఇవన్నీ తేలేలోపు ఆడకుండా ఉండలేవని నాకు తెలుసు. పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి 100 శాతం ఉంటుంది, దాన్ని 99 చెయ్యి. టర్బో, అంటే ప్రాసెసర్ మామూలు కంటే వేగంగా పరుగెత్తడం, ఆగిపోతుంది, వేడి బాగా దిగుతుంది. కొన్ని లాప్‌టాప్‌లలో ఆ వరస కనపడదు, అప్పుడు వదిలెయ్యి. గేమ్‌లో ఫ్రేములకు 60 హద్దు పెట్టు. లాప్‌టాప్ వెనక భాగం రెండు వేళ్ళ ఎత్తు లేపు. కూలర్ గాలి గదిలో తిరగనివ్వు గాని, నీటి తుంపర నేరుగా లాప్‌టాప్ మీదికి రాకుండా పక్కకి తిప్పు.

లాగ్ ఫైలును వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపు, చివరి వరసలు నేను చూస్తాను. మెమ్‌టెస్ట్ మధ్యాహ్నమే పెట్టు, నాలుగు పాస్‌లూ (అంటే నాలుగు రౌండ్లూ) పూర్తయ్యేదాకా కదిలించకు. ర్యామ్ మీది స్టిక్కర్ అంకెలు కనపడేలా ఫొటో తీయి. ర్యామ్‌లో డీడీఆర్4, డీడీఆర్5 అని వేరువేరు రకాలున్నాయి, ఒకదాని చోట ఇంకొకటి పట్టదు కాబట్టి అది తెలియాలి. స్టిక్ విడిగా కొని వేయించినదైతే బిల్లు వెతుకు. వాటికి చాలా కంపెనీలు లాప్‌టాప్ వారంటీ కంటే ఎక్కువ కాలం ఇస్తాయి, నాది అలాగే డబ్బు లేకుండా మార్చి ఇచ్చారు. నీది డీడీఆర్4 అయితే నా దగ్గర మంచి 8 జీబీ స్టిక్ ఒకటి ఖాళీగా ఉంది. అటు వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపిస్తాను, వేసి మధ్యాహ్నం ఆడి చూడు.

అత్తమ్మను అడిగానని చెప్పు.

నీ
బావ